కత్తులన్నీ డ్రాయర్లో నిద్రపోతున్నాయి, రోజూ జేబులో వేసుకు తిరిగేవాళ్లు కాస్త ధైర్యం చెప్పండి

డ్రాయర్‌బాబు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. నా దగ్గర 11 జేబు కత్తులున్నాయి. అన్నీ పాత తరహావే, అంటే బటన్లూ క్లిప్పులూ, ఒంటి చేత్తో ఫట్‌మని తెరుచుకునే హడావిడీ ఏమీ లేనివి, గాడిలో గోరు పెట్టి రెండు చేతుల్తో విప్పే మడత చాకులు. ఓపినెల్ నంబర్ 8తో మొదలైంది నా పిచ్చి, చెక్క పిడి, మెడ దగ్గర తిరిగే రింగు, చూడగానే పడిపోయా. తర్వాత విక్టోరినాక్స్ పయనీర్, ఆ తర్వాత కేస్ అనే అమెరికా కంపెనీ వాళ్ల మూడు బ్లేడ్ల స్టాక్‌మన్, ఈ మధ్య గ్రేట్ ఈస్టర్న్ వాళ్ల 'బార్లో' రకం చాకు ఒకటి, 1095 అనే రకం కార్బన్ స్టీల్‌ది, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. పాత సెకండ్‌హ్యాండ్‌వి కూడా మూడున్నాయి, వాటి ఊరూ పేరూ నాకే సరిగ్గా తెలీదు.

ప్రతి ఆదివారం డ్రాయర్ తీసి ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, నాలుగుసార్లు తెరిచి మూసి, ఆ టక్‌మనే చప్పుడు విని, చుక్క నూనె వేసి మళ్లీ పడుకోబెట్టేస్తా. ఇదే ఆనందం అనుకుంటూ వచ్చా ఇన్నాళ్లూ. మొన్న ఆఫీసుకి నా పేరు మీద పార్శిల్ వచ్చింది, టేపు మీద టేపు చుట్టి పంపారు, నేనేం చేశానో తెలుసా, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి దాని పళ్లతో పరపరా గీకా. టేపు సాగుతోందే తప్ప తెగదు. పక్క సీటు కొలీగు చూసి "నీ దగ్గర కత్తులు బోలెడున్నాయన్నావ్ కదా" అన్నాడు. ఉన్నాయి. 11. డ్రాయర్లో. నిజంగా సిగ్గేసింది.

సో అడిగేదేంటంటే, రోజూ వేసుకోవాలంటే దేంతో మొదలెట్టాలి? కార్బన్ స్టీల్ చెమటకి తుప్పు పట్టదా? గీతలు పడితే మనసొప్పుతుందా మీకు? ఎక్కడైనా పారేసుకుంటే? నలుగురిలో కత్తి తీస్తే జనం ఎలా చూస్తారు? అన్నీ పిరికి ప్రశ్నలే, తిట్టకండి.

మూడుబ్లేడ్లు:

బాబు గారూ ఎందుకు తిడతాం, ఇక్కడున్న సగం మంది ఆ తాళంచెవి స్టేజీ దాటొచ్చినవాళ్లమే.

నేను తొమ్మిదేళ్లుగా ఒక్క కత్తే మోస్తున్నా, కేస్ 6318, మీరన్న స్టాక్‌మనే, మూసినప్పుడు మూడున్నర అంగుళాలకి కొంచెం పైన ఉంటుంది. ఆ నంబర్ సంగతి తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, మొదటి 6 అంటే ఎముక పిడి, 3 అంటే మూడు బ్లేడ్లు, 18 అనేది ఆ మోడల్ నంబరు. కత్తి చూడకుండా నంబర్ చదివే పిడి ఏంటో బ్లేడ్లెన్నో చెప్పేయొచ్చు, ఇలాంటి చిన్న చిన్న విషయాల దగ్గరే మనం ఇరుక్కుపోయేది.

మీరు ఆదివారం వినే చప్పుడు ఉంది చూశారూ, దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు వాక్ అండ్ టాక్, నడకా పలుకూ అనుకోండి. ఈ కత్తుల్లో తెరిచిన బ్లేడుని బిగించే తాళం ఉండదు, బ్లేడు మొదలుని వీపు మీదున్న స్ప్రింగు నొక్కి పట్టుకుంటుంది, అంతే. తెరుస్తుంటే ఆ మొదలు స్ప్రింగు మీద జారుతూ వెళ్లడం నడక, చివర్లో టక్‌మని కూర్చోవడం పలుకు. కొన్నిట్లో సగం దూరంలో ఒకసారి ఆగి మళ్లీ కదులుతుంది, దాన్ని హాఫ్‌స్టాప్ అంటారు, వేళ్లకి అదో రక్షణ. కొత్తలో నాది గోరు విరిగేంత గట్టిగా ఉండేది, ఏడాది తిరిగేసరికి మెత్తబడింది, ఇప్పుడు దాని నడక చీకట్లో కూడా గుర్తుపడతా. డ్రాయర్లో ఉన్న కత్తికి ఈ నడక రాదు సార్, అది జేబులో తిరిగితేనే వస్తుంది.

పిడి ఎముక మీద చెక్కిన గరుకు ఉంటుంది కదా, నాదాంట్లో బొటనవేలు ఆనే చోట అది పూర్తిగా అరిగి నున్నగా అయిపోయింది, గులకరాయిలా. మిగతా చోట్ల గరుకు అలాగే ఉంది. మీటింగుల్లో బోర్ కొడితే జేబులో చెయ్యి పెట్టి ఆ నున్నటి చోటే రుద్దుతుంటా, మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

ఏం కోస్తావురా రోజూ అంటారు. కవర్లు, దారాలు, కొత్త చొక్కా ట్యాగులు, పెన్సిలు, ఆపిల్. మొన వైపు సన్నబడే పొడుగు బ్లేడు, క్లిప్ అంటారు, అది పండ్లకి, మొన లేని షీప్స్‌ఫుట్ అట్టపెట్టెలకి, లోపలున్న సరుక్కి గుచ్చుకోదు కాబట్టి. మూడోది స్పే, ఇది అసలు కోడెదూడల విత్తులు తీయడానికి పెట్టిన బ్లేడు, నేను దాంతో కరెంటు బిల్లు కవర్లు చించుతా. దాని పుట్టుక తెలిశాక దాంతో పండు మాత్రం కొయ్యలేకపోయా ఇప్పటిదాకా.

ఒకసారి ప్యాంటుతో పాటు వాషింగ్ మెషీన్లోకి వెళ్లిపోయింది. నాది సీవీ స్టీలు, అంటే క్రోమ్ వెనేడియం, కార్బన్ జాతే, పైగా నేను రెండు రోజులకి గానీ చూసుకోలేదు. బ్లేడు మొదళ్ల చుట్టూ ఎర్రగా పొడి, తెరిస్తే కిర్రుమంది. ఏడుపొచ్చినంత పనైంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, కీళ్లలో మినరల్ ఆయిల్ వేసి ఒక యాభై సార్లు తెరిచి మూసి, బయటికొచ్చిన నల్ల మురికి తుడుస్తూ పోయా. బతికింది. రెండు చిన్న గుంటలు పడ్డాయి, ఉంటే ఉండనీ.

నా సలహా ఒకటే, రోజుకొకటి మార్చకండి. ఒక్కదాన్ని పట్టుకుని నెల తిప్పండి.

పెట్టెలోవి:

పైన చెప్పింది బాగానే ఉంది గానీ అన్ని కత్తులూ జేబుకే అనే ధోరణి నాకు నచ్చదు, ఎప్పుడూ నచ్చలేదు. బాబు గారు ఆ మూడు పాతవాటి గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశారు, నా దృష్టి అంతా వాటి మీదే ఉంది. దయచేసి అవేంటో తేలేదాకా జేబులో వేయకండి, సాన పెట్టకండి, మరీ ముఖ్యంగా తోమి మెరిపించకండి. పాత కత్తిని పాలిష్ చేసి చంపేసినవాళ్లు తుప్పు పట్టించి చంపినవాళ్ల కంటే ఎక్కువ.

ముందు బ్లేడు మొదలు దగ్గర, అంటే ట్యాంగ్ మీద, అచ్చు ఏముందో భూతద్దం పెట్టి చూడండి. కేస్ అయితే ఏ సంవత్సరంలో తయారైందో దాదాపు చెప్పేయొచ్చు. 1970లో పేరు కింద 10 చుక్కలు పెట్టి ఏడాదికొకటి చొప్పున తీసేస్తూ పోయారు, 1979కి ఒక్క చుక్క మిగిలింది, 1980లో అక్షరాల తీరు మార్చి మళ్లీ 10తో మొదలెట్టారు. ఇంగ్లండ్ షెఫీల్డ్, జర్మనీ సోలింగెన్ సరుకైతే దేశం పేరు ఉందో లేదో చూడండి, 1890లో అమెరికా తెచ్చిన సుంకం చట్టం వల్ల అక్కడికి వెళ్లే సరుకు మీద ఏ దేశంలో తయారైందో వేయాల్సొచ్చింది. దేశం పేరు ఉంటే సాధారణంగా ఆ తర్వాతది. పేరు లేనంత మాత్రాన ముందుదే అని గంతులేయకండి, అది ఎగుమతి సరుకు కాకపోయి ఉండొచ్చు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీక కలెక్షన్లే పోగొట్టుకున్నారు. వాటిలో దేనికైనా ముత్యపు మెరుపుల ప్లాస్టిక్ లాంటి పిడి ఉందా? పిడిని బొటనవేలితో గట్టిగా వేడెక్కేలా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్. సెల్యులాయిడ్ ముసలిదయ్యే కొద్దీ ఆవిర్లు వదుల్తుంది, ఆ ఆవిర్లలో ఆమ్లం ఉంటుంది, మూసిన డ్రాయర్లో పక్కనున్న కత్తులన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. కుళ్లిన పండు బుట్టంతా పాడుచేసినట్టే. నేను ఒకదాన్ని నాలుగు మంచివాటితో కలిపి పెట్టె మూసి మర్చిపోయి రెండేళ్ల తర్వాత తీసినవాణ్ణి, ఆ నాలుగింటి స్ప్రింగుల మీదా పచ్చగా, ఎర్రగా. అప్పట్నుంచీ సెల్యులాయిడ్‌వి గాలాడేలా విడిగా ఉంచుతా. తోలు ఒరల్లో కూడా దాచకండి, తోలు తడి పీల్చుకుంటుంది, చర్మాన్ని తోలుగా మార్చేటప్పుడు వాడిన రసాయనాలు ఇత్తడికి చిలుము పట్టిస్తాయి. ఒర మోసుకెళ్లడానికే, దాచుకోవడానికి కాదు.

కొత్త బార్లోని ఏమైనా చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వందేళ్లు ఎవరూ వాడకుండా మన దాకా వచ్చిన కత్తికి మాత్రం మొదటి గీత మన చేత్తో పడకూడదు, నా పట్టింపు అది.

మూడుబ్లేడ్లు:

పెట్టెలోవి గారూ, అసలు వాడకుండానే వందేళ్లు గడిపిన కత్తిని చూస్తే నాకు జాలేస్తుంది, మీకు ముద్దొస్తుంది, అంతే తేడా. సెల్యులాయిడ్ సంగతి మాత్రం వంద శాతం కరెక్ట్.

రెండుచేతులు:

జనం ఎలా చూస్తారు అన్నారు కదా, దానికి చెప్తా. తెరిచే తీరుని బట్టి చూస్తారు. చిన్న ఎముక పిడి చాకు తీసి, నిదానంగా గోరు పెట్టి విప్పి, పని చేసుకుని, మూసి జేబులో వేసుకుంటే ఎవరూ పట్టించుకోరు, మహా అయితే మా తాతకి ఇలాంటిదే ఉండేదండీ అంటారు. అదే పని నల్లటి టాక్టికల్ కత్తి ఒంటి చేత్తో ఝళిపించి చేస్తే గది మొత్తం తిరిగి చూస్తుంది. పని ఒకటే, పరువు వేరు. తెరిచిన కత్తిని చేత్తో ఊపుతూ మాట్లాడటం, ఎవరికైనా ఇచ్చేటప్పుడు మొన అటు తిప్పి ఇవ్వడం, ఇలాంటివి చెయ్యకుండా ఉంటే చాలు.

చట్టం మాత్రం ఉన్న చోటుని బట్టి చూసుకోవాలి, ఇక్కడెవరో ఓకే అన్నారని నమ్మకండి. ఉదాహరణకి బ్రిటన్‌లో తాళం పడని మడత కత్తి, కోసే అంచు 3 అంగుళాలు దాటనిదైతే, కారణం చెప్పక్కర్లేకుండా దగ్గర పెట్టుకోవచ్చు. తాళం పడితే ఆ వెసులుబాటు పోతుంది, ఓపినెల్ రింగు కూడా తాళం కిందికే వస్తుంది. అందుకే అక్కడివాళ్లకి స్ప్రింగు చాకులంటే అంత ప్రాణం. స్కూళ్లు, కోర్టులు, విమానాలు, వీటి దగ్గర అసలు ప్రయోగాలు వద్దు. నేను ఒక ఎయిర్‌పోర్టులో బెల్టు మీద బ్యాగు పెట్టాక గుర్తొచ్చింది చిన్న జేబులో విక్టోరినాక్స్ క్యాడెట్ ఉందని. వెనక్కెళ్లి చెక్‌ఇన్‌లో వేసే టైం లేదు. ఆ ట్రేలో మిగతా కత్తెర్ల మీద దాన్ని వదిలేసి వచ్చా, పిడి మీద నేను వేయించుకున్న పొడి అక్షరాలతో సహా. ఇప్పుడు ప్రయాణం ముందు రోజు రాత్రే జేబులన్నీ బోర్లించి మంచం మీద పోస్తా.

సానరాయి:

ఎవరూ అనని మాట ఒకటి నేను అంటా. బాబు గారూ, మీరు ఆ ఆదివారం టక్ టక్‌లు ముందు ఆపండి. తెరిచేటప్పుడు టక్ మంచిదే, మూసేటప్పుడు వదిలేసి టక్‌మనిపిస్తే చాలా కత్తుల్లో అంచు వెళ్లి లోపలి స్ప్రింగుకి కొట్టుకుంటుంది. బ్లేడు కింద మొదలు దగ్గర చిన్న బుడిపె ఉంటుంది, కిక్ అంటారు, అది అంచుని స్ప్రింగుకి తగలకుండా ఎత్తి పట్టాలి. కొత్తవాటిల్లోనే ఒక్కోసారి ఆ బుడిపె చాలదు, సాన పెట్టీ పెట్టీ దాన్ని అరగదీసేవాళ్లూ ఉన్నారు. చూడటం ఈజీ, అంచుకి మార్కర్ ఇంకు రాసి మామూలుగా మీరు మూసినట్టే మూసి తెరవండి. ఎక్కడో ఒకచోట ఇంకు చెదిరి అంచు మీద చదును మచ్చ కనబడితే అదే. లాగ్యోల్ అనే ఫ్రెంచి కత్తులు వాడేవాళ్లయితే బ్లేడుని చివరి దాకా వేలితో ఆపి పడుకోబెడతారు, చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు. అది అలవాటు చేసుకోండి అన్నిటికీ.

ఇక తుప్పు భయం. కార్బన్ స్టీల్‌కి రెండు రకాల రంగులొస్తాయి, రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఎర్రగా పొడి పొడిగా రాలేది తుప్పు, శత్రువు. ఆపిలో నిమ్మకాయో కోస్తే కాసేపట్లో నీలంగా, ఊదాగా, నెమలి మెడలా తేలి, తర్వాత రోజుల్లో బూడిద రంగులోకి దిగేది పాటినా. అదీ ఆక్సైడే, కానీ రాలదు, ఉక్కుని అంటిపెట్టుకుని ఎర్రదాన్ని కొంతవరకూ దగ్గరికి రానివ్వదు. పని చేసిన కత్తికి అది వస్తుంది, ఏ రెండు కత్తులకీ ఒకేలా రాదు. కొందరు వెనిగర్లో ముంచి ఒక్క రాత్రిలో తెప్పిస్తారు, నాకది విగ్గు పెట్టుకున్నట్టుంటుంది, ఎవరిష్టం వాళ్లది. మీరు చెయ్యాల్సిందల్లా వాడిన వెంటనే చొక్కా అంచుకైనా తుడిచి మూయడం, తడితో మూయకపోవడం. నూనె అంటే మినరల్ ఆయిల్, వంట నూనె వేస్తే కొన్నాళ్లకి జిగురు కట్టి కీలు పట్టేస్తుంది. డ్రాయర్లో మీరు వేసే చుక్క నూనె ఏదో చెప్పలేదు మీరు, నాకు డౌటుగా ఉంది.

స్టెయిన్‌లెస్ అనగానే మొహం చిట్లించేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. విక్టోరినాక్స్ స్టీలు మెత్తగానే ఉంటుంది, పదును త్వరగా దిగుతుంది, కానీ పింగాణీ కప్పు అడుగున గ్లేజు, అంటే మెరుపు పూత, లేని గరుకు అంచు మీద నాలుగు రుద్దులు రుద్దితే తిరిగొస్తుంది. 1891 నుంచి స్విస్ సైన్యానికి కత్తులిస్తున్నవాళ్లు, సైనికుడికి ఏం కావాలో వాళ్లకి తెలీదా. మొదటి రోజు జేబుకి పయనీర్ వేసుకోండి, భయం పోతుంది. తర్వాత బార్లో.

సాన పెట్టేటప్పుడు రాయికీ బ్లేడుకీ మధ్య 15 నుంచి 20 డిగ్రీలు, రెండు పక్కలా ఒకేలా. ఒక పక్క రుద్దుతుంటే అవతలి పక్క అంచున సన్నటి ముల్లు లేస్తుంది, గోటికి తగుల్తుంది, అది మొదలు నుంచి మొన దాకా లేచిందాకా పక్క మార్చకండి. పాత తోలు బెల్టు వెనక వైపు మీద లాగి ఆ ముల్లు తీసేయండి. అయిపోయింది. దీనికి మెషీన్లూ గాడ్జెట్లూ కొనేసి బ్లేడు సగం అరగదీసుకున్నవాళ్ల ఫోటోలు చూసి చూసి విసుగొచ్చింది.

చిలుము:

ఓపినెల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి. తడి తగిల్తే ఆ బీచ్ చెక్క ఉబ్బి బ్లేడు పిడిలో బిగుసుకుపోతుంది, గోరు విరగ్గొట్టుకోకండి. రింగు తాళం తీసి ఉందో లేదో చూసుకుని, పిడి తోకని బల్లకేసి ఒక్కటి కొడితే బ్లేడు గోరు అందేంత బయటికి తోసుకొస్తుంది. ఆ కత్తి పుట్టిన ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతం పేరే ఆ దెబ్బకి కూడా పెట్టారు. ఇంకో విషయం, ఆ రింగు 1955లో వచ్చింది, ఓపినెల్ మొదలైంది 1890లో, అంటే 65 ఏళ్లు రింగు లేకుండానే బతికేశారు జనం. నేనైతే రోజూ హిగోనోకామి అనే జపాన్ చాకు మోస్తా, దాంట్లో స్ప్రింగూ లేదు తాళమూ లేదు, మడిచిన రేకు పిడి, వెనక చిన్న తోక, బొటనవేలుతో ఆ తోకని నొక్కి పట్టుకుంటేనే బ్లేడు నిలుస్తుంది. వేలు తీస్తే కథ అయిపోయినట్టే, అందుకే దాంతో కోసేటప్పుడు ఫోన్ మాట్లాడను.

డ్రాయర్‌బాబు:

అందరికీ థాంక్సండీ, ఇంత రాస్తారనుకోలేదు. సానరాయి గారూ, మీ డౌటు నిజమే, నేను వేసేది వంట నూనే. అందుకే ఒకదాని కీలు కదలట్లేదన్నమాట, స్ప్రింగు గట్టిది కాబోలు అనుకుంటూ గర్వపడుతున్నా ఇన్నాళ్లూ. మార్కర్ టెస్ట్ కూడా చేశా, స్టాక్‌మన్ క్లిప్ బ్లేడు నడిమిలో చదును మచ్చ ఉంది, వాడకుండానే పాడుచేశా దాన్ని.

డ్రాయర్‌బాబు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. మొదటి వారం పయనీర్ వేసుకున్నా, ఏమీ జరగలేదు, ఆకాశం విరిగి పడలేదు. రెండో వారం నుంచి బార్లో. మొదటి రోజే తాళాల గుత్తితో ఒకే జేబులో వేసి బోల్‌స్టర్ మీద, అంటే పిడి చివరున్న లోహపు తొడుగు మీద, అడ్డంగా గీత పెట్టేశా, ఆ సాయంత్రం దాకా అదే చూస్తూ కూర్చున్నా, మర్నాడు చూస్తే పక్కన ఇంకో రెండు ఉన్నాయి, ఏది మొదటిదో గుర్తుపట్టలేకపోయా, ఇక ఆ బాధ అక్కడితో పోయింది. తాళాలు ఇప్పుడు ఎడమ జేబులోకి మారాయి. ఆపిల్ కోశా, సానరాయి గారు చెప్పిన నెమలి రంగు నిజంగానే వచ్చింది, బ్లేడు మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో, రెండో వైపు మాత్రం చారలు చారలుగా. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తుంటే మా అబ్బాయి కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆఫీసులో మళ్లీ పార్శిల్ వచ్చింది, ఈసారి నాది కాదు, ఆ కొలీగుదే. దర్జాగా తీసి ఇచ్చా, మూసే ఇచ్చాలెండి. వాడు అటు తిప్పీ ఇటు తిప్పీ బటన్ ఎక్కడుంది అని అర నిమిషం వెతికాడు. గోరు పెట్టి లాగరా అంటే, గోళ్లు నిన్ననే తీసుకున్నా అన్నాడు. చివరికి నేనే విప్పి కోసిచ్చా.

నిన్న ఆదివారం, డ్రాయర్ తీయడమే మర్చిపోయా, రెండేళ్లలో మొదటిసారి. ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే గుర్తొచ్చింది, ఆ పాతవాటిలో ముత్యం రంగు పిడిది ఒకటుంది, పెట్టెలోవి గారు రుద్ది వాసన చూడమన్నారు, అది ఇంకా చెయ్యలేదు. లేచి వెళ్తున్నా, కర్పూరం వాసన రాకూడదని కోరుకోండి.